స్పోర్ట్స్ కారులో క్లచ్, ఫ్లైవీల్ మార్చడం ఎలా? బీఎండబ్ల్యూ ఎం3తో స్టెప్ బై స్టెప్ గైడ్

ఎప్పుడూ ప్రాసెసర్లు, బ్యాటరీలు, కెమెరాల గురించి మాట్లాడుకుంటాం కదా, ఈసారి కొంచెం పెద్ద గాడ్జెట్ విప్పుదాం. అమెరికాలో ఉండే మా బావ దగ్గర 2004 మోడల్ బీఎండబ్ల్యూ ఎం3 ఉంది. ఈ46 జనరేషన్, 3.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 333 హార్స్‌పవర్, 6 స్పీడ్ మాన్యువల్. నేను ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు రెండు వీకెండ్లు కూర్చుని ఇద్దరం దాని క్లచ్, ఫ్లైవీల్ మార్చాం. అందులో నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా.

ముందు బేసిక్స్

ఫ్లైవీల్ అంటే ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ చివర బిగించిన బరువైన చక్రం. క్లచ్ డిస్క్ దాన్ని పట్టుకుంటే ఇంజిన్ పవర్ గేర్‌బాక్స్‌కి వెళ్తుంది, వదిలితే ఆగిపోతుంది. అంతే.

ఈ చక్రంలో ఎంత ఎనర్జీ ఉంటుందో ఒక లెక్క చూద్దాం. 10 కిలోల బరువు, 15 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న సాదా చక్రం అనుకోండి. ఈ ఇంజిన్ రెడ్‌లైన్ అయిన 8000 ఆర్‌పీఎం దగ్గర అందులో సుమారు 39 వేల జూల్స్ ఉంటాయి. మీ జేబులోని 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఉండేది దాదాపు 69 వేల జూల్స్. అంటే సగం బ్యాటరీ కంటే ఎక్కువ ఎనర్జీ, మీ కాళ్లకి కాస్త ముందు తిరుగుతోందన్నమాట! బోల్టులు సరిగ్గా బిగించాలని ఎందుకు అంటారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

క్లచ్ పోయిందని ఎలా తెలుస్తుంది?

పై గేర్‌లో తక్కువ ఆర్‌పీఎం దగ్గర నుంచి యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. ఆర్‌పీఎం ఎగిరి స్పీడ్ మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. ఇంజిన్ ఆపేటప్పుడు, స్టార్ట్ చేసేటప్పుడు కింద నుంచి గడగడ శబ్దం వస్తుంటే ఫ్లైవీల్ మీద కూడా అనుమానపడాలి.

డ్యూయల్ మాసా, సింగిల్ మాసా?

అసలు డబ్బు, తలనొప్పి రెండూ ఇక్కడే ఉన్నాయి. కంపెనీ ఇచ్చేది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. రెండు చక్రాలు, మధ్యలో స్ప్రింగులు. ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒక్క చుట్టులో 3 సార్లు పేలుడు దెబ్బలు కొడుతుంది. ఆ కుదుపులు గేర్‌బాక్స్‌కి చేరకుండా స్ప్రింగులు మింగేస్తాయి. ఈసీఈ వాళ్లకైతే ఒక్క మాట చాలు: ఇది మెకానికల్ లో పాస్ ఫిల్టర్.

ఒక షాపులో మా బావకి తేలికపాటి సింగిల్ మాస్ వేయించుకోమన్నారు, "కారు రాకెట్‌లా పోతుంది" అని. నిజమెంత? ఫ్లైవీల్ ఇనర్షియా 0.05 కేజీ మీటర్ స్క్వేర్ తగ్గిందనుకుందాం. ఈ కారు ఫస్ట్ గేర్ రేషియో 4.23, ఫైనల్ డ్రైవ్ 3.62. ఫస్ట్ గేర్‌లో అది కారు బరువు సుమారు 108 కిలోలు తగ్గినట్టు పనిచేస్తుంది. బాగుంది కదా? అదే 0.83 రేషియో ఉన్న ఆరో గేర్‌లో? కేవలం 4 కిలోలు! గరిష్ఠ పవర్ పైసా పెరగదు. పైగా న్యూట్రల్‌లో గేర్‌బాక్స్ చప్పుడు, ట్రాఫిక్‌లో బండి కదిలించేటప్పుడు ఆగిపోయే చికాకు ఫ్రీ. దానికి స్ప్రింగులున్న వేరే క్లచ్ డిస్క్ కూడా కావాలి. రోజూ ఆఫీసుకి వెళ్లే కారు కాబట్టి డ్యూయల్ మాసే వేశాం.

పని మొదలు

1. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఈ కారులో అది డిక్కీలో ఉంటుంది. కారుని నాలుగు జాక్ స్టాండ్ల మీద, గట్టి సిమెంటు నేల మీద నిలబెట్టండి. జాక్ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి ఎప్పుడూ దూరకండి. స్టాండ్ల మీదకి దించాక చేత్తో గట్టిగా ఊపి చూసి, ఆ తర్వాతే లోపలికి వెళ్లండి.

2. వరసగా ఎగ్జాస్ట్, హీట్ షీల్డ్, ప్రొపెల్లర్ షాఫ్ట్, గేర్ లింకేజ్ విప్పండి. క్లచ్ స్లేవ్ సిలిండర్‌ని పైపుతో సహా పక్కకి కట్టేయండి. ఆ తర్వాత పెడల్ ఎవరూ నొక్కకూడదు.

3. గేర్‌బాక్స్ కింద ట్రాన్స్‌మిషన్ జాక్ పెట్టి, బెల్ హౌసింగ్ బోల్టులు తీసి, తిన్నగా వెనక్కి లాగండి. దాని బరువు ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడనివ్వద్దు. ఇది ఒక్కడి పని కాదు, ఇద్దరు ఉండాల్సిందే.

4. ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులు చేయండి. లోపలి దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు. మాస్క్ పెట్టుకుని బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

5. పాత ఫ్లైవీల్ చూడండి: నీలం మచ్చలు, పగుళ్లు, గ్రీజు కారడం. చేత్తో రెండు పక్కలా తిప్పితే ఎంత ఆడుతోందో సర్వీస్ మాన్యువల్ లిమిట్‌తో పోల్చండి. దాటితే కొత్తదే. ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ కారుతోందా అన్నదీ ఇప్పుడే చూసుకోవాలి. మళ్లీ ఇంత విప్పే ఓపిక ఎవరికి ఉంటుంది?

6. కొత్త ఫ్లైవీల్‌కి కొత్త బోల్టులే వాడండి. లాకింగ్ టూల్ పెట్టి, టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఉన్న విలువకి, ఎదురెదురు వరసలో బిగించండి. "గట్టిగానే ఉందిలే" అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

7. పైలట్ బేరింగ్, రిలీజ్ బేరింగ్, ఫోర్క్ కింది పివట్ పిన్ మార్చేయండి. డిస్క్ మీద గేర్‌బాక్స్ వైపు అని రాసి ఉన్న పక్క అటే ఉండాలి. అలైన్‌మెంట్ టూల్‌తో డిస్క్‌ని మధ్యలో నిలిపి ప్రెషర్ ప్లేట్ బిగించండి. సెల్ఫ్ అడ్జస్టింగ్ రకం అయితే దానికి ప్రత్యేక టూల్ కావాలి. స్ప్లైన్‌కి గ్రీజు చాలా పల్చగా రాయండి. ఎక్కువైతే డిస్క్ మీదకి చిమ్మి కొత్త క్లచ్ జారుతుంది.

8. అన్నీ తిరగేసి బిగించి, క్లచ్ లైన్‌లో గాలి తీసేయండి.

తర్వాత ఏం చేయాలి?

మొదటి 800 కిలోమీటర్లు మామూలు సిటీ డ్రైవింగ్ మాత్రమే. లాంచ్‌లు, డ్రాగ్ రేసులు వద్దు. డిస్క్, ఫ్లైవీల్ ఒకదానికొకటి అలవాటు పడాలి.

నా ఫైనల్ మాట

ట్రాక్ కోసమే ఉంచుకున్న కారైతే సింగిల్ మాస్ ఆలోచించండి, రోజువారీ కారైతే డ్యూయల్ మాస్. సరైన స్టాండ్లు, టార్క్ రెంచ్, సాయానికి ఇంకో మనిషి ఉంటేనే ఇంట్లో చేయండి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మంచి మెకానిక్‌కి ఇచ్చేయండి, పర్లేదు. అప్పుడు కూడా ఈ లిస్టు దగ్గర పెట్టుకుని రెండు ప్రశ్నలు అడగండి: కొత్త బోల్టులు వేశారా? ఫ్లైవీల్ ఆట కొలిచారా? జవాబు వినగానే షాపు ఎలాంటిదో మీకే తెలిసిపోతుంది.