గర్భిణి తొలి పరీక్షలు – 120 రోజుల లెక్క

నెల తప్పిన సంగతి బయటికి చెబితే నజర్ తగులుతుందని మన ఇళ్ళలో మూడు నాలుగు నెలలు దాచిపెడతారు. చుట్టాలకు చెప్పకపోతే పోయేదేమీ లేదు. డాక్టరు దగ్గరికీ వెళ్ళకపోతే మాత్రం రేపు ఒక పెద్ద ధార్మిక ప్రశ్నకు జవాబే దొరకకపోవచ్చు.

తల్లి గర్భంలో నలభయ్యేసి రోజుల మూడు దశలు గడిచాక దైవదూత వచ్చి ఆత్మను ఊదుతాడని దైవప్రవక్త (స) తెలిపారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ధర్మవేత్తలు చెప్పే 120 రోజుల గడువుకు ఆధారం ఇదే. మక్కాలోని రాబితా ఫిఖ్హ్ మండలి 1990లో దీన్నిబట్టే తీర్మానం చేసింది. బిడ్డకు చికిత్సకు లొంగని తీవ్రమైన అవకరం ఉందని నమ్మకస్తులైన నిపుణ వైద్యుల బృందం నిర్ధారించి, తల్లిదండ్రులు కోరితే, 120 రోజుల లోపు గర్భస్రావానికి అనుమతి ఉంది. ఆ తర్వాత తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప లేదు. అంతకు ముందు కూడా తగదనే ఆలిములున్నారు. కనుక సొంతంగా నిర్ణయించుకోక ముఫ్తీ సాహెబును అడగాలి.

చిక్కంతా లెక్కలోనే ఉంది. డాక్టర్లు చివరి బహిష్టు మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. గర్భం నిలిచేది సుమారు రెండు వారాల తర్వాత. అంటే ఈ 120 రోజులు డాక్టరు చీటీలో దాదాపు 19 వారాలు. బిడ్డ అవయవాలన్నీ చూసే స్కానింగు చేసేది 18–20 వారాల్లో! మరో డాక్టరును అడిగేలోపే గడువు దాటిపోతుంది. మన దేశంలో 2021 చట్ట సవరణ ప్రకారం, తీవ్ర అవకరం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే 24 వారాల తర్వాత కూడా గర్భస్రావం చేయవచ్చు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన షరీఅత్ ఒప్పుకున్నట్లు కాదు.

అందుకే 11–14 వారాల మధ్య చేసే స్కానింగు తప్పనిసరి. పుర్రె ఏర్పడకపోవడం వంటి ఘోరమైన లోపాలు చాలావరకు అప్పుడే కనబడతాయి. పైగా తొలి నెలల్లో బిడ్డ పొడవును బట్టి గర్భం వయసు కొద్ది రోజుల తేడాతో తెలుస్తుంది. ఐదో నెలలో మొదటిసారి వెళ్తే ఆ తేడా పది రోజుల దాకా ఉంటుంది. నిండింది 115 రోజులో 125 రోజులో తెలియనప్పుడు ముఫ్తీ సాహెబ్ ఏమని ఫత్వా ఇస్తారు?

గర్భాల్లో ఏముందో అల్లాహ్‌కే తెలుసు కదా, స్కానింగు ఎందుకని కొందరు పెద్దలంటారు. అప్పటికే రూపుదిద్దుకున్న దాన్ని యంత్రంతో చూడడం అగోచర జ్ఞానం కాదు. ఆడా మగా అని అడగడం మాత్రం వేరే సంగతి. అది 1994 చట్టం ప్రకారం నేరం, మనకు సిగ్గుచేటు కూడా.

గడువు దాటాక తెలిసినా ఆ పరీక్ష వృథా కాదు. గుండెలోనో వెన్నులోనో లోపం ఉంటే, పసిబిడ్డలకు ఆపరేషన్ చేసే వసతి ఉన్న ఆసుపత్రిలోనే కాన్పుకు ఏర్పాటు చేసుకోవచ్చు. బ్రతకని బిడ్డ అని తెలిస్తే, కొన్ని నిమిషాలే ప్రాణంతో ఉన్నా పేరు పెట్టి, గుస్ల్ చేయించి, జనాజా నమాజు చేయాలని ఆ తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచవచ్చు.