చిన్నప్రేగు - విరేచనములలో ఉప్పు, పంచదార నీరు

“లంఖణం పరమౌషధ”మను నానుడి మన గృహములలో పరిపాటి. అజీర్తి చేసినపుడు పెద్దవారు ఒక పూట పస్తుండుట మంచిదే. కాని విరేచనములగుచున్న పసిబిడ్డకు “నీళ్ళిచ్చిన కొద్దీ ఎక్కువగును” అని మంచినీరు సైతము మాన్పించు తల్లులు నేటికిని కనబడుచున్నారు. బాలురకు, గర్భిణులకు, వృద్ధులకు, దుర్బలులకు లంఘనము తగదని ఆయుర్వేదమే చెప్పుచున్నది. చిన్నప్రేగు చేయు పని తెలిసినచో ఈ పొరపాటు ఎంతటిదో బోధపడును.

జీర్ణాశయము చివర మొదలై పెద్దప్రేగులో కలియు ఈ గొట్టము పొడవు సుమారు 20 అడుగులు. వెడల్పు మాత్రము ఇంచుమించు ఒక అంగుళమే. మొదటి భాగమగు ఆంత్రమూలము పన్నెండు వ్రేళ్ళ వెడల్పంత యుండును. పాశ్చాత్యులు దానికా సంఖ్యనే పేరుగా నుంచిరి. కాలేయము నుండి పైత్యరసము, క్లోమము నుండి క్లోమరసము వచ్చి ఆహారముతో కలియునది ఇచ్చటనే. ఆమాశయ పక్వాశయముల నడుమనున్న గ్రహణి అగ్నికి స్థానమని మన శాస్త్రకారులు చెప్పిరి. అన్నమును పట్టి యుంచునది కనుక దానికా పేరు. సుశ్రుతుడు దానిని పిత్తధరా కళ యనెను. పిత్తమునకును ఈ చోటునకును గల సంబంధమును వారు ఆనాడే గుర్తించుట గమనింపదగినది.

తరువాతి భాగములు జెజునము, శేషాంత్రము. లోపలి పొర ముడుతలు పడి, వాటిపై వెల్వెట్టు గుడ్డ నూగు వలె లక్షలాది ఆంత్రచూషకములు నిలిచి యుండును. ఒక్కొక్కటి మిల్లీమీటరునకు మించదు. ఈ ఏర్పాటు వలన లోపలి వైశాల్యము ఎన్నో రెట్లు పెరుగును. టెన్నిస్ కోర్టంత యని పూర్వము వ్రాసెడివారు. ఇటీవలి కొలతల ప్రకారము సుమారు 30 చదరపు మీటర్లు. ఈ పొరలోని కణములు మూడు నుండి ఐదు దినములలో రాలి, క్రొత్తవి పుట్టుచుండును. వాటికి పోషణ కావలెను గదా! కడుపు ఎండగట్టిన బిడ్డలో ఈ మరమ్మతు కుంటుపడును.

ఇక నీటి లెక్క. మనము త్రాగునది, తినునది కలిపి దినమునకు సుమారు 2 లీటర్లు. లాలాజలము మొదలగు జీర్ణరసములు మరి 7 లీటర్లు. ఈ 9 లీటర్లలో అధిక భాగమును చిన్నప్రేగే తిరిగి రక్తములోనికి పీల్చుకొనును. పెద్దప్రేగు మిగిలినదానిని పీల్చగా మలముతో పోవునది 100 నుండి 200 మిల్లీలీటర్లు మాత్రమే.

కలరా వంటి వ్యాధులలో కణములు ఉప్పునీటిని బయటికి వెడలగ్రక్కును. అయినను ఒక ద్వారము మూతపడదు. గ్లూకోజు, ఉప్పులోని సోడియము జంటగా లోనికి పోవు ద్వారమది. వాటి వెంట నీరును పోవును. ఈ జంట ప్రయాణమును 1960లో రాబర్ట్ క్రేన్ వివరించెను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులలో కలరా ప్రబలినపుడు, పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరములో సెలైను సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించెను. సుమారు 30 శాతముగా నున్న మరణములు 4 శాతము లోపునకు దిగెను.

మందుల దుకాణములోని ఓ.ఆర్.ఎస్. పొట్లము శ్రేష్ఠము. అది లేనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో సమతలముగా ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపవలెను. ఉప్పు ఎక్కువైనచో హాని. కన్నీటి కంటె ఉప్పగా నుండరాదు. రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు దానికి రెట్టింపు, కొద్దికొద్దిగా పట్టవలెను. వాంతియైనచో పది నిమిషములాగి మరల మొదలుపెట్టవలెను. చనుబాలు మాన్పరాదు. అన్నము తిను పిల్లలకు ఉప్పు వేసిన గంజి, మజ్జిగ అన్నము పెట్టవచ్చును. విరేచనములు కట్టు మాత్రలు పిల్లలకు ఇయ్యరాదు.

కన్నులు గుంటలు పడినను, మూత్రము ఆగినను, మలములో రక్తము కనబడినను, బిడ్డ త్రాగలేక మగతగా నున్నను ఇంటి వైద్యముతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను. దారిలోను ఆ నీటిని చెంచాతో పట్టుచునే యుండవలెను.