నేత్రపటలమునకు క్రొత్త కణములు

ఇంద్రియములన్నిటిలోను నేత్రము ప్రధానమని పెద్దలు చెప్పుదురు. చూపు చక్కగా నున్నంతకాలము దాని విలువ మనకు తెలియదు. చదువుచున్న పంక్తి నడుమ అక్షరములు మాయమగుటయు, ఎదుట నిలిచిన మనుమని ముఖము ఆనవాలు పట్టరాకుండుటయు వృద్ధాప్యమున పలువురకు సంభవించుచున్నది. ఇట్టి అంధత్వమును మాన్పుటకు శాస్త్రజ్ఞులు చేయుచున్న ఒక ప్రయత్నమును గూర్చి ఈ పాఠమున తెలిసికొందము.

కంటి లోపల వెనుకభాగమున రెటీనా అను పలుచని పొర కలదు. దీనిని నేత్రపటలమందురు. వెలుగును గ్రహించు కణములు ఇందులో కోట్లకొలది కలవు. అవి గ్రహించిన దానిని దృష్టినాడి మెదడునకు చేర్చును. ఈ కణముల వెనుక నల్లని రంగు గల కణములు మరియొక వరుసగా అమరియున్నవి. అవి తాము చూడవు. చూచు కణములకు ఆహారమందించుట, వాటి మాలిన్యమును తొలగించుట వాటి పని. ఈ రంగుకణములు నశించినచో, పోషణ లేని పైరువలె చూచు కణములును క్రమముగా నశించును. నేత్రపటలమధ్యమున, పచ్చచుక్క యనబడు చోట ఇట్లు జరిగినపుడు చుట్టుప్రక్కల చూపు మిగిలియుండియు నడిమి చూపు పోవును.

కంటిలో శుక్లము ఏర్పడినచో కటకమును మార్పవచ్చును. కంటి ముందుభాగమున నుండు పారదర్శకమైన కార్నియా చెడినచో, మరణించినవారి నేత్రదానమువలన లభించిన దానిని అమర్పవచ్చును. నేత్రపటలము అట్లు మార్పదగినది కాదు. అది నాడీతంతువులచే మెదడుతో ముడివడియున్నది. మానవుని కంటిలో దాని కణములు ఒకసారి నశించినచో తమంత తాము మరల పుట్టవు. మరి క్రొత్త కణములను ఎచ్చటనుండి తేవలెను?

జపాను దేశమున క్యోటో విశ్వవిద్యాలయమునందలి షిన్యా యమనకా అను శాస్త్రజ్ఞుడు దీనికి ఒక మార్గము చూపెను. ఆయన 2006వ సంవత్సరమున ఎలుక కణములలో నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి, ఆ కణములను వాటి శైశవదశకు మరలించెను. 2007లో మానవుని చర్మకణములతోను ఈ కార్యమును సాధించెను. ఇట్టి వానిని మూలకణములందురు. వీటినుండి శరీరమునందలి నానావిధములగు కణములను పెంపవచ్చును. ఈ పరిశోధనకుగాను ఆయనకు 2012లో ఇంగ్లండు దేశస్థుడైన జాన్ గర్డన్‌తో కలిపి నోబెలు బహుమతి లభించెను.

కోబే నగరమున రికెన్ పరిశోధనసంస్థలో అప్పుడు పనిచేయుచుండిన మసాయో తకహాషి అను నేత్రవైద్యురాలు ఈ మార్గమును కంటిచికిత్సకు వినియోగింప బూనెను. డెబ్బది యేండ్లు దాటిన ఒక రోగి చర్మమునుండి చిన్న ముక్కను తీసి, ఆ కణములను మూలకణములుగా మార్చి, వాటినుండి నేత్రపటలపు రంగుకణములను నెలల తరబడి పెంచిరి. రైతు నారుమడిలో నారు పెంచి పొలమున నాటునట్లు, ప్రయోగశాలలో పెరిగిన ఆ కణముల పొరను 2014 సెప్టెంబరు 12వ తేదీన ఆమె కంటిలో అమర్చిరి. ఆ పొర పొడవు 3 మిల్లీమీటర్లు, వెడల్పు 1.3 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టి మూలకణములనుండి పెంచిన కణజాలమును మానవునియందు నాటుట లోకమున అదియే ప్రథమము.

ఒక సంవత్సరము గడచినది. నాటిన పొర చెదరక నిలిచియుండెను. చూపు మెరుగుపడలేదు; మరింత క్షీణింపనులేదు. పరిశోధకులు ఈ ఫలితమును ఉన్నదున్నట్లు ప్రకటించిరి. రెండవ రోగికిని చికిత్స చేయవలసియుండెను. ఆ రోగి కణములను పరీక్షింపగా జన్యువులలో కొన్ని మార్పులు కనిపించెను. వాటివలన హాని కలుగునని నిశ్చయముగా తేలలేదు. అయినను పరిశోధకులు 2015లో ఆ శస్త్రచికిత్సను నిలిపివేసిరి. లోకమంతయు తమ విజయమునకై ఎదురుచూచుచున్నపుడు ఆగుటకు ఎంత ధైర్యము కావలెనో ఊహింపుడు!

కోబే వైద్యుల నివేదిక 2017 మార్చిలో ఒక వైద్యపత్రికయందు వెలువడెను. ఆ సంచికలోనే మరియొక నివేదికయు కలదు. అమెరికాలో ఒక చికిత్సాలయము వృద్ధులగు ముగ్గురు స్త్రీలనుండి ధనము గైకొని, వారి శరీరపు క్రొవ్వునుండి తీసిన కణములను రెండు కన్నులలోను ఒకే దినమున సూదితో ఎక్కించినది. ఆ ముగ్గురి చూపును తీవ్రముగా దెబ్బతినెను. రెండు చోట్లను వినబడినది మూలకణములను పేరే. ఒకచోట సందేహము కలిగినంతనే చేయి నిలిచినది. మరియొకచోట తగిన పరీక్షయే లేకపోయినది.

పరిశోధన అంతటితో నిలిచిపోలేదు. 2017లో కోబే వైద్యులు దాతలనుండి లభించిన మూలకణములతో మరి కొందరు రోగులకు చికిత్స చేసిరి. లండను నగరమున ఇట్టి కణముల పొరను నాటించుకొనిన ఇద్దరు రోగులు, పూర్వము అద్దములు ధరించియు చదువలేనివారు, నిమిషమునకు 60 మొదలు 80 మాటలవరకు చదువగలిగిరని 2018లో ప్రకటింపబడెను. ఇది సంతోషకరమైన వార్తయే. కాని ఇద్దరి అనుభవముచే మాత్రము ఒక చికిత్స సిద్ధమైనదని చెప్పరాదు.

విద్యార్థులారా! చూపు కోల్పోయినవారికి ఆశ ప్రాణసమానమైనది. అట్టి ఆశను తీర్పబూనినవారికి విద్య యొక్కటియే చాలదు. తమ పనిని తామే శంకించి పరీక్షించుకొను నిజాయితీయు, ఫలము పండువరకు వేచియుండు ఓర్పును ఉండవలెను. అవి లేని విద్య రోగికి మేలు చేయకపోగా, ఉన్న వెలుగును కూడ ఆర్పివేయును.