కాంక్రీటు కంచెకు మరమ్మతు

పెరటితోటకు కంచెయే కాపు. మన పల్లెలలో పూర్వము తాటిమట్టల దడులు, కంపకంచెలు ఏటేటా కట్టుకొనెడివారు. నేడు పలుచోట్ల కాంక్రీటు స్తంభములు పాతి, వాని గాడులలో పలకలు దింపుచున్నారు. వీనిని చెదలు తినవు, నిప్పు కాల్చదు. అంతమాత్రమున వీనికి పోషణ అక్కరలేదని తలచరాదు. ఒరిగిన స్తంభమును ఉపేక్షించినచో తోట పశువుల పాలగుటయే కాక ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. 6 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 2 అంగుళముల మందము గల పలక సరిగా ఒక ఘనపుటడుగు కాంక్రీటు. దాని బరువు సుమారు 70 కిలోలు. అట్టి పలకల చెంతనే మన పిల్లలు ఆడుకొనుచుందురు.

మరమ్మతునకు పూనుకొనుటకు ముందు మనము కారణము వెదకవలెను. పగులుపై సిమెంటు పూసి, సున్నము కొట్టుట రోగమును దాచుటయే గాని చికిత్స కాదు. కంచె చెడుటకు ముఖ్యకారణములు రెండు: నేల కదలుట, లోపలి ఇనుము త్రుప్పు పట్టుట.

నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు నెర్రెలు విచ్చును. లోతు చాలని స్తంభము ఈ కదలికతో ఒరుగును. మొదట నీరు నిలిచినను, ఒక ప్రక్క మట్టిగాని పెంటగాని పోగుచేసినను అట్లే యగును. కంచె గట్టు కాదు; అది మట్టి బరువును ఆపలేదు.

ఇక ఇనుము సంగతి. 1867లో జోసెఫ్ మోనియే అను ఫ్రెంచి తోటమాలి, మొక్కల తొట్లు గట్టిపడుటకై సిమెంటులో ఇనుమును పొదుగు పద్ధతికి పేటెంటు పొందెను. మన స్తంభములలోని కమ్ములు చేయు పనియు అదియే. కాని తేమ సోకి కమ్మి త్రుప్పు పట్టినచో, ఆ త్రుప్పు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలినుండి చీల్చును. కమ్మి వెంబడి నిలువు పగులు, గోధుమరంగు మరక దీని గుర్తులు.

ఒరిగిన స్తంభమును సరిచేయు విధమిది. మొదట స్తంభములకు రెండు ప్రక్కల ఊతలు పెట్టవలెను. పిల్లలను, పశువులను దూరముగా నుంచి, పైపలకతో మొదలిడి ఒక్కొక్కటిగా పైకి లాగవలెను. దీనికి ముగ్గురు మనుష్యులైన కావలెను. తరువాత స్తంభము తీసి, గుంటను వెడల్పు చేసి, అడుగున కంకర వేసి దిమ్మిస చేయవలెను. భూమిపైన 6 అడుగులు నిలుచు స్తంభమునకు 2 అడుగుల లోతు తగ్గరాదు. రేగడినేలలో ఇంకను లోతు మేలు. దారమునకు బరువు కట్టి వ్రేలాడదీసి, నిలువు సరిచూచి, 1 పాలు సిమెంటు, 2 పాళ్లు ఇసుక, 4 పాళ్లు కంకర కలిపిన కాంక్రీటు పోయవలెను. సముద్రపు ఇసుక వాడరాదు. అందలి ఉప్పు ఇనుమును తినివేయును. పైభాగమును స్తంభమునుండి వెలుపలికి వాలుగా తీర్చినచో వాననీరు నిలువదు.

త్రుప్పు పట్టిన చోట వదులైన కాంక్రీటును కమ్మి వెనుకవరకు చెక్కివేసి, ఇనుప బ్రష్షుతో త్రుప్పు రాల్చి, కడిగి, సిమెంటు పాలు పూసి, 1 పాలు సిమెంటునకు 3 పాళ్లు ఇసుక కలిపిన గచ్చుతో గట్టిగా నింపవలెను. కమ్మి బాగుగా సన్నగిల్లియున్నచో ఆ స్తంభమును మార్చుటయే క్షేమము. విరిగిన పలకకు అతుకు నిలువదు, కొత్తది దింపవలెను.

కొత్తపనిని తడి గోనెసంచులతో కప్పి 7 దినములు, బూడిద కలిసిన సిమెంటైనచో 10 దినములు, ఆరనీయక తడుపవలెను. అంతవరకు ఊతలు తీయరాదు, పలకలు దింపరాదు. ఈలోగా సందును కంపతో మూసినచో పశువులు చొరవు. తడి సిమెంటు చర్మమును తినును గనుక చేతులకు తొడుగులు ధరించుట మంచిది.

ఏటా మృగశిర కార్తెకు ముందొకసారి, వానలు వెనుకబట్టిన తరువాత ఒకసారి కంచె వెంట నడచి ప్రతి స్తంభమును పరీక్షింపుడు. సన్నని పగులు కంటబడిన నాడే బాగుచేసికొన్నచో ఒక తట్టెడు గచ్చుతో పని తీరును. ఆలసించినచో కంచెయంతయు తిరిగి వేయవలసివచ్చును.