మసకబారిన టార్చికి మళ్ళీ వెలుగు

ప్రియమైన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు,

మేమంతా 2000 తర్వాతి సంవత్సరాల్లో ఈ హాస్టల్లోనే ఉండి పదో తరగతి చదివినవాళ్ళం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగితే, మీకు చేతి పనికి ఉపయోగపడే ఒక పాఠం రాద్దామనుకున్నాం. ఆ పాఠం మేము నేర్చుకున్నది ఒక తప్పు చేసి. కాబట్టి ముందు ఆ తప్పు చెబుతాం.

ఆ రోజుల్లో సాయంత్రం కరెంటు పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. మా గదిలో అందరికీ కలిపి ఒకటే మూడు సెల్ల టార్చి. మాలో ఒకడి నాన్న రాత్రిపూట పొలానికి నీళ్ళు పెట్టడానికి వాడి, పాతబడ్డాక ఇచ్చి పంపింది. సబ్బులకు, నూనెకు ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీల్లో మిగిల్చి సెల్లు కొనేవాళ్ళం. వెలుగు తగ్గితే ఆ సెల్లనే ఎండలో పెట్టి మళ్ళీ వాడేవాళ్ళం.

పరీక్షలు దగ్గరపడ్డాయి. టార్చి బాగా మసకబారింది. బల్బు మారిస్తే బాగుంటుందనుకుని కిరాణా కొట్లో అడిగితే రెండు సెల్ల టార్చి బల్బు ఒక్కటే ఉంది. తెచ్చి పెట్టాం. పాత బల్బు తీసేటప్పుడు చేయిజారి పగిలిపోయింది. కొత్తది తెల్లగా వెలిగేసరికి అందరం చప్పట్లు కొట్టాం. పది నిమిషాలు తిరక్కముందే అది మాడిపోయింది. ఆ రాత్రి చీకట్లో వెనకవైపు బాత్‌రూముకు వెళ్ళిన ఆరో తరగతి తమ్ముణ్ణి తేలు కుట్టింది. వార్డెన్ గారు, వాచ్‌మన్ కలిసి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తెల్లవారేసరికి తేరుకున్నాడు గానీ, మాకు మాత్రం ముఖం చెల్లలేదు.

మరునాడు మా సైన్సు మాస్టారు టార్చిని బల్ల మీద విప్పి పెట్టి ఒకే మాట అడిగారు. "వెలుగు కావాలని బలం పెంచారు. ఉన్న బలం ఎక్కడ పోతోందో చూశార్రా?"

బల్బు ఎందుకు మాడింది?

ఒక సెల్లు 1.5 వోల్టులు. మూడు సెల్లు 4.5 వోల్టులు. రెండు సెల్ల టార్చి బల్బు మీద సాధారణంగా 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్లు అని ఉంటుంది. మూడు సెల్లదాని మీద 3.8 వోల్టులు అని ఉంటుంది. వోల్టేజి కొంచెం పెరిగినా ఫిలమెంటు ఆయుష్షు చాలా తగ్గిపోతుంది. అందుకని బల్బు కొనేముందు దాని మీది అంకెలు చదవాలి.

మొదటి మెట్టు: ఖర్చు లేకుండా

సెల్లు, స్ప్రింగు, స్విచ్చి రేకు కలిసే చోట్ల తుప్పు, చిలుము పడితే అక్కడ నిరోధం పుడుతుంది. ఓమ్ నియమం మీకు తెలుసు. 1 ఓము నిరోధం గుండా 0.3 ఆంపియర్లు పోతే 0.3 వోల్టులు అక్కడే ఖర్చవుతాయి. 3.8 వోల్టులు అందాల్సిన బల్బుకు 3.5 మాత్రమే అందుతాయి. తగ్గింది కొంచెమే అనిపిస్తుంది. కానీ ఫిలమెంటు బల్బులో వోల్టేజి తగ్గినదానికంటే వెలుగు చాలా ఎక్కువగా తగ్గుతుంది. ఈ లెక్కన దాదాపు నాలుగో వంతు వెలుగు పోయినట్టే.

1. సెల్లు తీసి రెండు కొనలూ పొడిగుడ్డతో తుడవండి.
2. స్ప్రింగును, స్విచ్చి రేకును ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్దండి. స్ప్రింగు అణిగిపోతే కొద్దిగా సాగదీయండి.
3. ముందు అద్దాన్ని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి.
4. రిఫ్లెక్టరును మెత్తటి దూదితో మాత్రమే తుడవండి. ఉప్పుకాగితం తగిలితే మెరుపు పూత లేచిపోతుంది.
5. కొత్త సెల్లతో పాత సెల్లు కలపకండి.

మా టార్చికి ఇంత చేసి, సరైన బల్బు వేస్తే, అవే సెల్లతో పుస్తకంలో అక్షరాలు కనిపించాయి.

రెండో మెట్టు: ఎల్.ఇ.డి. అమర్చడం

ఫిలమెంటు బల్బు తీసుకున్న విద్యుత్తులో చాలా భాగం వేడిగా పోతుంది. ఎల్.ఇ.డి.లో ఆ నష్టం తక్కువ. కంటికి కనిపించే ఎర్రని కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని నిక్ హోలోన్యాక్ 1962లో చేశారు. తెల్లని వెలుగు రావాలంటే ముందు నీలి ఎల్.ఇ.డి. కావాలి. దాన్ని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. నీలి కాంతి మీద పసుపు కాంతినిచ్చే పూత పూస్తే రెండూ కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి.

*కావలసినవి:* మూడు సెల్ల టార్చి, 5 మి.మీ. తెల్ల ఎల్.ఇ.డి.లు 4, 68 ఓముల రెసిస్టర్లు 4 (నీలం, బూడిద, నలుపు గీతలు), మాడిపోయిన బల్బు, మందపాటి అట్ట, సన్నని వైరు, సాల్డరింగ్ సామాను. ఎల్.ఇ.డి.లు, రెసిస్టర్లు రేడియో, టీవీ రిపేరు షాపుల్లో అడగండి.

*68 ఓములే ఎందుకు?* తెల్ల ఎల్.ఇ.డి.కి సుమారు 3.2 వోల్టులు, 20 మిల్లీ ఆంపియర్లు చాలు. 4.5 లోంచి 3.2 తీసేస్తే 1.3. దాన్ని 0.02తో భాగిస్తే 65. షాపులో దొరికే దగ్గరి విలువ 68. రెసిస్టరు లేకుండా నేరుగా కలిపితే ఎల్.ఇ.డి. మాడిపోతుంది. ఒక్కోదానికి విడిగా ఒక రెసిస్టరు ఉండాలి.

*చేసే విధానం:*

1. మాడిన బల్బును గుడ్డలో చుట్టి గాజు పగలగొట్టండి. గాజుముక్కలు కాగితంలో చుట్టి పారేయండి. లోపల నిలిచిన రెండు తీగలకు రెండు సన్నని వైర్లు సాల్డరు చేయండి.
2. రిఫ్లెక్టరు నోట్లో పట్టేటట్టు అట్టను గుండ్రంగా కత్తిరించి, నాలుగు రంధ్రాలు చేసి ఎల్.ఇ.డి.లు దూర్చండి.
3. ప్రతి ఎల్.ఇ.డి. పొడుగు కాలుకు ఒక రెసిస్టరు కలపండి. నాలుగు రెసిస్టర్ల రెండో కొనలన్నీ ఒకచోట, పొట్టి కాళ్ళన్నీ ఇంకోచోట కలపండి. ఈ రెండు గుంపులూ ఒకదానికొకటి తగలకూడదు.
4. బల్బు వైర్లు ఈ రెండు చోట్లా కలిపి, బల్బు అడుగును దాని స్థానంలోనే బిగించండి. వెలగకపోతే రెండు వైర్లూ తారుమారు చేసి చూడండి.

ఇప్పుడు నాలుగింటికీ కలిపి 80 మిల్లీ ఆంపియర్లే. బల్బుకు 300. అంటే సెల్లు దాదాపు నాలుగు రెట్ల కాలం వస్తాయి. మంచి రకం ఎల్.ఇ.డి.లైతే ఆ బల్బు కన్నా వెలుగూ ఎక్కువే. దారికి, పుస్తకానికి చక్కగా సరిపోతుంది.

జాగ్రత్తలు

కరెంటుతో ఛార్జి చేసే చవక టార్చిలను ప్లగ్గులో ఉండగా వాడకండి, విప్పకండి. కొన్నిటిలో లోపలి భాగాలు నేరుగా 230 వోల్టుల లైనుకే కలిసి ఉంటాయి, షాకు కొడుతుంది. సెల్‌ఫోను బ్యాటరీలతో ఈ ప్రయోగం చేయొద్దు. ఎల్.ఇ.డి. వెలుగును ఎవరి కళ్ళలోకీ కొట్టొద్దు. సాల్డరింగ్ పని మాస్టారు దగ్గరుండగా, కిటికీలు తెరిచి చేయండి. మెస్‌కు వెళ్ళేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. దసరా, సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు టార్చిలోంచి సెల్లు తీసేయండి, కారిపోతే లోపలంతా తినేస్తాయి.

ఇప్పుడు సంతలోనే ఎల్.ఇ.డి. టార్చిలు దొరుకుతున్నాయి కదా అని మీరనవచ్చు. నిజమే. కొన్న టార్చి కూడా ఒకరోజు మసకబారుతుంది. అప్పుడు పారేయకుండా విప్పి, ఎక్కడ నష్టపోతోందో వెతకడం మీకు తెలిసి ఉండాలని మా కోరిక.

చివరిగా ఒక్క మాట. మీరు బాగుచేసిన టార్చిని ట్రంకు పెట్టెలో దాచుకోకండి. వెనక తలుపు పక్కన, ఆరో తరగతి పిల్లవాడికి చేయి అందే ఎత్తులో మేకు కొట్టి తగిలించండి.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులు