నవ్వు రాని గూఢచారి: కొత్త దర్శకులకు ఆరు పాఠాలు

కామెడీ తీస్తామంటూ వచ్చే కుర్రాళ్లకు నేను మంచి సినిమాల జాబితా ఇవ్వను. 1987 డిసెంబరులో వచ్చిన హాలీవుడ్ గూఢచారి కామెడీ ‘లెనార్డ్ పార్ట్ 6’ చూడమంటాను. మంచి సినిమా ఎందుకు బాగుందో చెప్పడం కష్టం. ఇదెక్కడ చెడిందో మాత్రం సీను సీనుకీ తెలిసిపోతుంది.

1. వింత వేరు, హాస్యం వేరు. ఇందులో విలన్ మెడూసా శాకాహారి. జంతువుల్ని లొంగదీసుకుని మనుషుల్ని చంపిస్తుంటుంది. ఒకచోట కప్పల గుంపు కారును మోసుకెళ్లి నీళ్లలో పడేస్తుంది. చెబితే నవ్వొస్తుంది, చూస్తే రాదు. కారులో ఉన్నవాడు ఏమైపోతాడోనన్న బెంగ మనకు లేదు మరి.

2. హీరోకి కంగారుండాలి. లెనార్డ్ ఒకప్పటి సీఐఏ గూఢచారి, ఇప్పుడు రెస్టారెంటు యజమాని. ఉష్ట్రపక్షి ఎక్కి మేడమీంచి దూకినా ఆ పాత్ర వేసిన బిల్ కాస్బీ ముఖంలో చలనం ఉండదు. ఆయనకే పట్టనిది మనకెందుకు? అంతకు ముందు ఏడాదే జంధ్యాల ‘చంటబ్బాయి’ తీశారు. అందులో హీరో పాండురంగారావు తన డిటెక్టివ్ తెలివిని నిజంగానే నమ్ముతాడు. మనం నవ్వేది ఆ నమ్మకం చూసే.

3. ముందు ప్రమాదం, తర్వాత పరిహాసం. ఈ కాస్బీయే 1965-68లో ‘ఐ స్పై’ టీవీ సిరీస్‌లో గూఢచారిగా నటించి వరుసగా మూడు ఎమ్మీలు గెలిచాడు. అక్కడ తుపాకీ పేలితే మనిషి పోతాడు, అందుకే మధ్యలో వేసే ఛలోక్తి పండింది. ఇక్కడ శాకాహార ముఠా మీద హీరో ఆయుధం హాట్‌డాగ్‌లు!

4. పేరులోని జోకు ఒక్కసారే పేలుతుంది. మొదటి అయిదు భాగాలూ ప్రపంచ భద్రత కోసం దాచేశారట. బాగుంది. ఆ మొదటి నిమిషం దాటాక గంటకు పైగా సినిమా ఉంది. దాన్ని నడపాల్సింది కథే.

5. వద్దనేవాడు ఒకడుండాలి. హీరో, నిర్మాత, మూలకథ అన్నీ కాస్బీయే. ఆనాడు టీవీలో ఆయన్ను మించిన తార లేడు. దర్శకుడు పాల్ వీలాండ్ ప్రకటనల రంగం నుంచి వచ్చినవాడు, ఇది తొలి సినిమా. అంతటి స్టారుకు ‘ఈ సీను తీసేద్దాం సార్’ అని ఎవరు చెబుతారు? పైగా కొలంబియా స్టూడియో అప్పుడు కోకా-కోలా చేతిలో ఉంది. కథలో పని లేకపోయినా కోక్ తెరమీద కనబడుతూనే ఉంటుంది.

6. చేతులు దులుపుకుంటే నష్టం తగ్గదు. విడుదలకు ముందే కాస్బీ తన సినిమా చూడొద్దని జనానికి చెప్పాడు. దాదాపు 2.4 కోట్ల డాలర్ల ఖర్చుకు అమెరికా థియేటర్లలో 50 లక్షలు కూడా తిరిగిరాలేదు. చెత్త సినిమాలకిచ్చే రాజీ అవార్డులు మాత్రం మూడొచ్చాయి: చిత్రం, నటుడు, స్క్రీన్‌ప్లే. వాటిని బంగారంతో, ఇటలీ పాలరాతితో చేసిస్తేనే పుచ్చుకుంటానన్నాడు కాస్బీ. సినిమా మొత్తంలో లేని చమత్కారం ఆ షరతులో ఉంది.

చూడొద్దన్న మాట విడుదల దగ్గరపడ్డాక కాదు, స్క్రిప్టు చదివిన రోజున రావాలి. మీ కథను మీ దగ్గర మొహమాటపడని నలుగురికి వినిపించండి. వాళ్లు నవ్వకపోతే కెమెరా అద్దెకు తేకండి.