యక్షప్రశ్నలో సొంత ఇల్లు

మహాభారతం అరణ్యపర్వంలో యక్షుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలలో, లోకంలో సుఖపడేవాడు ఎవడన్నది ఒకటి. ధర్మరాజు సమాధానం మనం ప్రవచనాలలో పలుమార్లు విన్నదే. ఎన్నో రోజులకొకసారి కాస్త ఆకుకూర వండుకొనే పేదవాడైనా సరే, తన ఇంట తాను ఉండి, ఎవరికీ ఋణపడక, ఇల్లు విడిచి పోవలసిన అగత్యం లేనివాడే సుఖి అని ఆయన భావం. ఇందులో మూడు విషయాలున్నాయి: స్వగృహం, ఋణం లేకపోవడం, ఇంటికి దూరంగా బ్రతకవలసి రాకపోవడం.

ఈ మూడింటిలో రెండవదానిని పట్టుకొని అప్పు కూడదని బోధించడం పరిపాటి. ధర్మరాజు మూడింటినీ ఒకే మాటలో కలిపి చెప్పడమే నాకు ముఖ్యంగా తోస్తుంది. మొదటిదానిని సంపాదించుకోవడానికి తక్కిన రెంటినీ వెలగా చెల్లిస్తే, ఆయన చెప్పిన సుఖం దక్కినట్లేనా? హైదరాబాదు శివారులలో కోటి దాటిన ఇండ్లను కొనదలచిన ప్రతి కుటుంబం ముందూ నేడు ఈ ప్రశ్న నిలిచి ఉన్నది.

బ్యాంకులో గృహఋణాల విభాగంలో చిరకాలం పనిచేసినవాడిని కనుక, బంధువులు సలహాకై నా వద్దకు వస్తూ ఉంటారు. అప్పు మాట ఎత్తగానే, సాక్షాత్తు శ్రీనివాసుడే పెండ్లికి కుబేరుని వద్ద ఋణం తీసుకొన్నాడు కదా అని కొందరు చమత్కరిస్తారు. నిజమే. కాని ఆ ఋణం కలియుగాంతం వరకు తీరదని కూడా అదే కథ చెబుతుంది. మన జీతానికి అంత ఆయుర్దాయం లేదు.

ఇటీవల మా సోదరి కుటుంబంలో ఈ చర్చ వచ్చింది. మేనల్లునికి గచ్చిబౌలిలో, అతని భార్యకు అమీర్‌పేటలో ఉద్యోగాలు. నెలకు చేతికి వచ్చేది అతనికి రూ. 1,10,000, ఆమెకు రూ. 80,000. ఔటర్ రింగు రోడ్డు చెంత కొల్లూరులో, నిర్మాణంలో ఉన్న రూ. 1.20 కోట్ల ఫ్లాటుపై వారి మనసు నిలిచింది. నగరానికి దూరమైనా, పిల్లలకు ఆటస్థలం, పెద్దలకు విడి గది ఉంటాయని వారి ఆశ. అది తప్పు ఆశ కాదు.

రూ. 75 లక్షలకు మించిన గృహఋణమైతే, ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు నిబంధన. కనుక ఋణం రూ. 90 లక్షలు, సొంత సొమ్ము రూ. 30 లక్షలు. నిర్మాణంలో ఉన్న ఇంటికి 5 శాతం జీఎస్టీ రూ. 6 లక్షలు, స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు 7.5 శాతం చొప్పున రూ. 9 లక్షలు. అనగా చెక్కపని, గృహప్రవేశం లెక్కలోకి రాకముందే చేతిలో రూ. 45 లక్షలు ఉండాలి. 8.5 శాతం వడ్డీకి 20 సంవత్సరాల గడువైతే నెలసరి వాయిదా సుమారు రూ. 78,100. మొత్తం మీద కట్టే వడ్డీయే రూ. 97 లక్షలు దాటుతుంది.

ఇద్దరి జీతాలూ కలిపితే ఇది 41 శాతం. బ్యాంకు అభ్యంతరం చెప్పదు. బ్యాంకు ఎంత ఇస్తుందన్నది మన శక్తికి కొలత కాదని నా అభిప్రాయం. ప్రసవమో, పెద్దల అనారోగ్యమో వచ్చి కోడలు రెండేండ్లు ఇంటిపట్టున ఉండవలసి వస్తే, మిగిలిన ఒక్క జీతంలో 71 శాతం వాయిదాకే పోతుంది. వడ్డీ కూడా స్థిరం కాదు. 2022 మే నుండి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటు 4 శాతం నుండి 6.5 శాతానికి పెరిగినప్పుడు, ఎందరికో వాయిదా పెరగకున్నా గడువు ఏండ్ల తరబడి సాగింది. పదవీ విరమణ తరువాత కూడా ఋణం మిగిలే పరిస్థితి అలాగే వస్తుంది.

అసలు చిక్కు వేరొకచోట ఉన్నది. దంపతుల వద్ద ఉన్నది రూ. 20 లక్షలే. “బావగారూ, నా విరమణ సొమ్ములోంచి 25 లక్షలు ఇవ్వాలనుకొంటున్నాను, ఏమంటారు?” అని మా బావగారు అడిగారు. ఆ సొమ్ము సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ పథకంలో ఉన్నది. వడ్డీ 8.2 శాతం. మూడు నెలలకొకసారి రూ. 51,250 వస్తుంది. అంటే నెలకు రూ. 17,000 పైచిలుకు. ఆ దంపతుల మందులు, తీర్థయాత్రలు, మనుమలకు పెట్టే పండుగ బట్టలు అన్నీ అందులోనే. అది ఇచ్చివేస్తే కొడుకు ఇంట విడి గది ఉంటుంది గాని, ప్రతి ఖర్చుకూ చేయి చాచవలసి వస్తుంది. ఇవ్వవద్దనే చెప్పాను. తండ్రి అడగకుండానే ఇవ్వబోయినా, వద్దనడం కుమారుని వంతు అని మేనల్లునితోనూ అన్నాను. అతడు కొంత నొచ్చుకొన్నాడు.

మా సోదరి, ఇల్లు అమరితే అన్నదానానికి రూ. 1,00,116 సమర్పిస్తానని మొక్కుకొన్నదట. మొక్కు తీర్చడానికి వేరే అప్పు చేయనవసరం లేదు. వాయిదాల ఒత్తిడి తగ్గిన పిమ్మట, ఉన్నదానిలోంచి ఇస్తేనే అది దానం.

మియాపూరులో పాత అపార్టుమెంటు ఒకటి రూ. 80 లక్షలకు ఉన్నది. నిర్మాణం పూర్తయినది కనుక జీఎస్టీ లేదు. రూ. 60 లక్షల ఋణానికి వాయిదా సుమారు రూ. 52,100. ఒక్క జీతం మీద కూడా 47 శాతమే, బిగువుగానైనా గడుస్తుంది. మెట్రో ఎక్కితే మారవలసిన పని లేకుండా కోడలు అమీర్‌పేటలో దిగుతుంది. ధర్మరాజు చెప్పిన మూడవ మాట, ఇంటికి దూరం కాకపోవడం, నగరవాసికి ఈ విధంగానే వర్తిస్తుందని నాకు తోస్తుంది. రోజుకు మూడు గంటలు దారిలో గడిపేవాడు సొంత ఊరిలోనే ప్రవాసి. ఆటస్థలం మాత్రం ఇక్కడ లేదు. విడి గదికి బదులు హాలులో ఒక మూలను మరుగుపరచుకోవాలి. రిజిస్ట్రేషనుతో కలిపి సొంత సొమ్ము రూ. 26 లక్షలు కావాలి. తక్కువైన 6 లక్షలు కూడబెట్టడానికి సంవత్సరం ఆగుతామని మేనల్లుడు అంటున్నాడు. బావగారి సొమ్ము పథకంలోనే ఉన్నది. ఆ లోపల ఇంటి లింకు పత్రాలు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ న్యాయవాదికి చూపించే పని నాకు అప్పగించారు.